ఇన్ని రేవులున్న మన తీరంలో ఒక్క రేవు నగరమూ ఎందుకు లేదు?

పెన్నగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో ఉన్న ప్రశ్న. దుగరాజపట్నం, కృష్ణపట్నం, రామాయపట్నం, కొత్తపట్నం, ఇంకా పైకి పోతే మోటుపల్లి. మన తీరం పొడవునా రేవులే. ఏదో ఒక కాలంలో వీటన్నిటిలోనూ ఓడలు ఆగాయి, సరుకు దిగింది, డబ్బు తిరిగింది. కానీ వీటిలో ఒక్కటి కూడా మద్రాసులాగానో విశాఖలాగానో నగరం కాలేదు. నెల్లూరు ఊరు పెరిగిందంటే వరి వల్ల, పెన్న వల్ల, ఈమధ్య రొయ్య వల్ల. సముద్రం వల్ల పెరిగింది కాదు.

కృష్ణపట్నంలో ఇవాళ 18 మీటర్ల లోతు కావలసిన ఓడలు కూడా గట్టుకు వస్తున్నాయి. ముత్తుకూరు సెంటర్లో నిలబడితే మాత్రం పెద్ద రేవు పక్కన ఉన్నామని ఎక్కడా అనిపించదు. కారణం ఏమిటి? మన తలరాత అని సరిపెట్టకుండా, తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

శాసనాల మాస్టారు (ఒంగోలు)

మంచి ప్రశ్న. మోటుపల్లి నుంచే మొదలుపెడతాను. అక్కడ మనవాళ్లు ఒక పని సరిగ్గా చేశారు, దాన్ని ముందు గుర్తించాలి.

చినగంజాం దగ్గర మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో కాకతి గణపతిదేవుడి అభయశాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే 1244-45. అందులో మాట చాలా సూటిగా ఉంటుంది. అంతకుముందు రాజులు గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారట. మేము అలా చేయం, ప్రాణంకన్నా ఎక్కువనుకుని సంపాదించుకున్న సొమ్ము వాళ్లకే వదిలేస్తాం, న్యాయమైన సుంకం మాత్రం తీసుకుంటాం అని రాజు రాయించాడు. ఎగుమతి మీదైనా దిగుమతి మీదైనా ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టుదారం, పగడం, మిరియాలు, పోకలు, వేటికి ఎంతో కూడా అక్కడే చెక్కించాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. గాలివానకు ఓడ ఒడ్డున పడినా సరుకు పోదు, సుంకం ఎంతో ముందే తెలుసు. ఆ రోజుల్లో పరదేశి వర్తకుడికి ఇంతకంటే కావలసింది ఏముంది? ఆ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కో పోలో ఈ రాజ్యాన్ని ముట్ఫిలి పేరుతో రాసి, వజ్రాలనూ సాలెగూడులాంటి సన్నని బట్టనూ పొగిడాడు. భర్త పోయాక రాజ్యం చక్కగా ఏలిన రాణి గురించీ రాశాడు. ఆమెను రుద్రమదేవిగా చరిత్రకారులు గుర్తిస్తారు.

కాకతీయుల తర్వాత రేవు దెబ్బతింది. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి మళ్లీ మోటుపల్లిలో శాసనం వేయించి వర్తకులకు హామీ ఇచ్చాడు. అది తెలుగులోనూ తమిళంలోనూ కూడా ఉందంటే అక్కడికి ఎవరెవరు వచ్చేవారో తెలుస్తోంది. ఆ తర్వాతి తరంలో కుమారగిరిరెడ్డి కాలపు వర్తకుడు అవచి తిప్పయసెట్టి సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు తెప్పించాడని శ్రీనాథుడు హరవిలాసంలో వర్ణించాడు.

పెన్నగట్టు (నెల్లూరు)

మాస్టారూ, అంత వైభవం ఉన్న మోటుపల్లి మరి ఇప్పుడు పల్లెటూరుగా ఎందుకు మిగిలింది? ఇసుక మేట వేసిందా, రాజ్యం పోయిందా?

శాసనాల మాస్టారు (ఒంగోలు)

రాజ్యం పోవడమే ముందు చెప్పుకోవాలి. ఆ రేవుకు ప్రాణం ఓరుగల్లు, తర్వాత కొండవీడు. ఆ రాజధానులకు కావలసిన గుర్రాలు, కర్పూరం దిగే చోటు అది. కొండవీడు కూలాక ఆ సరుకు ఎవరికోసం దిగాలి? తర్వాత గోల్కొండ వచ్చింది, దాని రేవు మచిలీపట్నం. అధికారం ఎటు తిరిగితే ఓడలు అటు తిరిగాయి.

నెల్లూరు వాళ్ల కోసం ఇంకొకటి. కృష్ణపట్నం కొత్త రేవు కాదు. 13వ శతాబ్దపు తమిళ శాసనాల్లో దాని పేరు కొల్లిత్తురై, గండగోపాలపట్టణం అని మరో పేరు. మన తెలుగు చోడుల పేరు మీద వచ్చిందే. తిక్కన గారు మంత్రిగా ఉన్న మనుమసిద్ధి వంశం అది. అక్కడి మనుమసిద్ధీశ్వరం గుడి శాసనాల్లో వర్తక శ్రేణుల ప్రస్తావన ఉంది. మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకున్నప్పుడు తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుణ్ణి సాయం అడిగాడని మనకు పరంపరగా వస్తున్న కథ. మోటుపల్లిలో అభయం ఇచ్చిన రాజూ ఆయనే.

పులికాటు (సూళ్లూరుపేట)

మాస్టారు గారు ఉత్తరం నుంచి వచ్చారు, నేను దక్షిణం నుంచి వస్తాను. అసలు మద్రాసు కథ మన దుగరాజపట్నంలోనే మొదలైందని చాలామందికి తెలియదు.

ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టింది. గోల్కొండ అధికారులతో ఇబ్బందులు, డచ్చివాళ్ల పోటీ. వేరే చోటు వెతుక్కుంటూ 1626లో దుగరాజపట్నం వచ్చారు. వాళ్ల రాతల్లో ఆర్మగాన్ అంటే ఇదే. అక్కడ ఫిరంగులు పెట్టి కోట కట్టుకున్నారు. ఈ తీరంలో ఇంగ్లీషువాళ్లు కట్టుకున్న మొదటి కోట అదే. తీరానికి కొంచెం ఎడంగా సముద్రంలో ఇసుకదిబ్బ ఉంది, దాని లోపలివైపు ఓడలు నిలపడానికి నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి. 19వ శతాబ్దపు ఇంగ్లీషు పటాల్లో ఆ చోటును బ్లాక్‌వుడ్స్ హార్బర్ అని రాశారు.

అంటే సముద్రం తరఫు నుంచి చూస్తే మద్రాసు కంటే మనదే మేలు. మరి ఎందుకు వదిలారు? బట్ట. వాళ్లకు కావలసింది నేత బట్ట, అద్దకం బట్ట. అది దక్షిణంగా పోయేకొద్దీ మేలుగా, చౌకగా దొరుకుతుందని ఆర్మగాన్ అధికారి ఫ్రాన్సిస్ డే లెక్క వేశాడు. దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో మద్రాసుపట్నం దగ్గర కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. 1640లో ఆర్మగాన్ మూసి అందరూ అక్కడికి పోయారు. ఇచ్చినవాడూ తెలుగు నాయకుడే, ఖాళీ అయిందీ తెలుగు తీరమే.

మద్రాసులో ఏముంది అప్పుడు? ఇసుక ఒడ్డు, విరిగిపడే అలలు. ఓడలు దూరంగా నిలిస్తే మసూలా పడవల్లో సరుకు ఒడ్డుకు తెచ్చేవారు. రెండు వందల ఏళ్లకు పైగా అలాగే గడిచింది. 1861లో ఇనప వంతెనలాంటి పీర్ కట్టారు. 1870ల్లో హార్బరు గోడలు మొదలుపెడితే 1881 తుపాను వాటిని పగలగొట్టింది, మళ్లీ కట్టారు. మంచి రేవు ఉండబట్టి నగరం వచ్చిందనుకుంటాం. అక్కడ నగరం ముందు వచ్చింది, దాని కోసం రేవు కట్టారు.

పెన్నగట్టు (నెల్లూరు)

పులికాటు అన్నా, చివరి మాటతో నా ప్రశ్న సగం విడిపోయింది. కోట, కోర్టు, నాణేల ముద్ర, సైన్యం, తర్వాత రాజధాని. వర్తకుడు కాపురం పెట్టడానికి కావలసినవన్నీ అక్కడ కూడాయి.

కొత్తపట్నం కోడలు (ఒంగోలు)

అదొక్కటే కాదండీ, మద్రాసు పెరగడానికి మన జిల్లాలే తిండి పెట్టాయి. బకింగ్‌హాం కాలువ సంగతి ఎవరూ ఎత్తలేదేం?

మద్రాసు నుంచి ఉత్తరానికి కాలువ తవ్వడం 1806లో మొదలైంది. ముక్కలు ముక్కలుగా పెరుగుతూ పెదగంజాం దాకా వచ్చింది. 1876-78 కరువులో కూలి కోసం వచ్చిన వేలమందితో కొంత భాగం తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. మొత్తం సుమారు 420 కిలోమీటర్లలో 250 పైన మన వైపే ఉంది. ఈ కాలువలో ఏం పోయేవి? నెల్లూరు బియ్యం, కనపర్తి, చినగంజాం ఉప్పు, సరుగుడు కట్టెలు, బొగ్గు, సున్నానికి గుల్ల. మద్రాసులో పొయ్యి వెలిగిందంటే మన సరుగుడు తోపులు నరకబట్టే.

మా అత్తగారి తండ్రి కాలువ పడవ మీద పనిచేశారు. ఆవిడ చెప్పేది: గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే ఒకరు గడ వేస్తూ, ఇద్దరు గట్టున దిగి భుజానికి తాడు వేసుకుని పడవను లాగుతూ నడిచేవారు. లాకుల దగ్గర నీళ్లు సమం అయ్యేదాకా ఆగాలి, అన్నం వండుకునేది అక్కడే. సముద్రపు ఆటుపోటుకు నీళ్లు తగ్గితే పడవ బురదలో కూర్చునేది. ఉప్పు బస్తాల పడవైతే పైన తాటాకు కప్పి, వానొస్తే రాత్రంతా మేలుకునేవారట.

1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు పడింది. అంతటితో కొత్తపట్నం లాంటి చిన్న రేవుల పని తగ్గిపోయింది. ఒంగోలు సరుకు ఒంగోలు స్టేషన్లోనే ఎక్కితే మా ఊరి ఒడ్డుకు ఎవరొస్తారు? కాలువ ఇంకొన్ని దశాబ్దాలు నడిచింది. తుపాన్లు గట్లు తెంపాయి, పూడిక తీయలేదు, లారీలు వచ్చాయి. 2008లో దీన్ని కూడా కలిపి నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటించారు. మా వైపు పడవ మాత్రం తిరగలేదు.

మొలగొలుకులు (కోవూరు)

అమ్మా, నువ్వు చెప్పిన బియ్యం మాదే. మా వైపు మొలగొలుకులు అంటే ఆరు నెలల పంట, సన్న గింజ, పాతబడేకొద్దీ అన్నం పువ్వులా విడేది. 1850ల్లో నెల్లూరు ఆనకట్ట, తర్వాత సంగం ఆనకట్ట కట్టినాక పెన్న డెల్టా మొత్తం మాగాణి అయింది. ఆ బియ్యం మొగం జూసింది మాత్రం మద్రాసు వర్తకులే. మన ఊరి మిల్లుదారు బస్తా కట్టి పంపేవాడు, ధర యాడ తేలేది? అక్కడ. గూడూరు, సైదాపురం అభ్రకం కూడా అంతే. గనుల్లో పలకలు చీల్చింది మన ఆడోళ్లు, ఓడెక్కింది మద్రాసులో.

సరుకు పుట్టే చోటుకు కూలి, సరుకు అమ్ముడయ్యే చోటుకు లాభం. నాకు తెలిసిన కారణం ఇదొక్కటే.

ఆర్థికం_చదివినోడు (కావలి)

మొలగొలుకులు గారి మాటే నేను ఇంకోలా చెప్తాను. రేవు వల్ల నగరం రావాలంటే సరుకు అక్కడ ఆగాలి. ఆగితే గోదాము కావాలి, గోదాముకు అప్పు కావాలి, అప్పుకు బ్యాంకు, బీమా, తగాదా వస్తే కోర్టు, వీటన్నిటికీ గుమాస్తాలు, వాళ్లకు ఇళ్లు, బడులు, ఆసుపత్రులు. సరుకు ఆగకుండా పట్టాల మీద పోతే ఇవేవీ రావు. నెల్లూరు దగ్గర 1786లో పొలం దున్నుతుంటే రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ట్రాజన్, హాడ్రియన్ కాలం నాటివి. మన తీరానికి బయటి డబ్బు రావడం రెండువేల ఏళ్ల నాటి మాట. వచ్చిన డబ్బు నిలవడమే ఎప్పుడూ కష్టమైంది.

రేవు గుమాస్తా (ముత్తుకూరు)

చరిత్ర పెద్దలు చెప్పారు, ఇప్పటి సంగతి నేను చెప్తా. నేను కృష్ణపట్నంలో సరుకుల కస్టమ్స్ కాగితాలు చూసే క్లియరింగ్ ఏజెంట్ దగ్గర పనిచేస్తున్నా.

కొత్త పోర్టు 2008 జులైలో ప్రారంభమైంది. కండలేరు ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటు. లోపలికి తవ్వి బేసిన్ చేశారు, అలలకు అడ్డుగా రాతి గోడలు కట్టారు. మొదట్లో అంతా ఇనప ఖనిజమే. బళ్లారి, హోస్పేట నుంచి రేకులు, అంటే సరుకు రైళ్లు, వచ్చేవి, చైనాకు పోయేది. 2010 జులైలో కర్ణాటక ఖనిజం ఎగుమతి ఆపేసింది. ఆ దెబ్బతో పోర్టు బతకడానికి బొగ్గు మీదికి మళ్లింది. చుట్టుపక్కలే థర్మల్ ప్లాంట్లు వచ్చాయి. నేలటూరులో జెన్కో వాళ్ల దామోదరం సంజీవయ్య కేంద్రం మూడు యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు. పైనాపురం వైపు ప్రైవేటు ప్లాంట్లు 2,640 మెగావాట్లు. పంటపాళెం దగ్గర నూనె ఫ్యాక్టరీలు: ఇండోనేసియా, మలేసియా నుంచి ముడి పామాయిలు పైపుల్లో దిగి, అక్కడే శుద్ధి అయ్యి ట్యాంకర్లలో పోతుంది. 2012లో కంటైనర్లు మొదలయ్యాయి. 2020లో పోర్టులో 75 శాతం వాటా అదానీ పోర్ట్స్ చేతికి పోయింది, 2021లో మిగతా 25 శాతం కూడా. అప్పటికి సామర్థ్యం ఏడాదికి 6.4 కోట్ల టన్నులు.

ఇప్పుడు అసలు మాట. లక్షన్నర టన్నుల బొగ్గు ఓడ వచ్చిందనుకోండి. గ్రాబ్, అంటే క్రేను పంజా, పడుతుంది, బెల్టు మీద యార్డుకు పోతుంది, అక్కడ నుంచి ప్లాంటుకు బెల్టే, లేదంటే రేకు. రేకంటే 58 వాగన్లు, దగ్గర దగ్గర నాలుగు వేల టన్నులు. అంత సరుక్కీ కాగితాలు ఒక్క సెట్టు, ఏజెంటు ఒక్కడు.

అదే లక్షన్నర టన్నులు కంటైనర్లలో వస్తే ఎన్ని వేల పెట్టెలు? ప్రతి పెట్టెకూ సీలు, తూకం, షిప్పింగ్ బిల్లు, లారీ, డ్రైవరు, క్లీనరు. పెట్టెలో సరుకు నింపడానికి గోదాము, కూలీలు, ఫోర్క్‌లిఫ్టులు. పరీక్షకు కస్టమ్స్ ఆఫీసరు. ఆ లారీ ఆగినచోట టీ అంగడి, పంచరు షాపు. 2024 మొదట్లో కంటైనర్ ఓడలు ఆగిపోయినప్పుడు జిల్లాలో అంత గోల ఎందుకైందంటే ఇందుకే. టన్నుల లెక్కలో పోర్టు బాగానే ఉంటుంది, మనుషుల లెక్కలో సగం ఖాళీ అవుతుంది. మా ఆఫీసులో నాతో పనిచేసిన పిల్లలు కొందరు చెన్నైకి పోయి గది తీసుకున్నారు.

గెలాక్సీ రాయి (చీమకుర్తి)

గుమాస్తా అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా బ్లాక్ గెలాక్సీ ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయే, అది. క్వారీలో తీగ రంపంతో కోసిన దిమ్మ పది, ఇరవై టన్నులు ఉంటుంది. ట్రెయిలర్ మీద గొలుసులు కట్టి, ఒంగోలు దగ్గర హైవే ఎక్కి చెన్నైకో కృష్ణపట్నానికో పోతుంది. చైనాలో దాన్ని కోసి, పాలిష్ పట్టి, లాభం వేసుకుని అమ్ముతారు. ఇక్కడ కోసే ఫ్యాక్టరీలు ఉన్నాయి, లేవనను. కానీ పలకలు పోవాలంటే కంటైనరే కావాలి, దిమ్మలైతే మామూలు ఓడలోనూ పోతాయి. దగ్గర్లో కంటైనర్ ఓడ లేదంటే పలక మీద లారీ ఖర్చు పెరుగుతుంది. అప్పుడు వ్యాపారి ఏం చేస్తాడు? దిమ్మగానే అమ్మేస్తాడు. కోత పని, పాలిష్ పని, రెండూ మన పిల్లలకు పోయినట్టే.

వెనామీ రైతు (ఇందుకూరుపేట)

రొయ్య సంగతి కూడా కలపండి. 90ల మొదట్లో టైగర్ రొయ్య మా ఊళ్లలో ఇళ్ల రూపు మార్చింది. తర్వాత తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులు ఎండగట్టింది. 2009లో వెనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ లేచాం. మా బతుకు కౌంట్ మీద ఉంటుంది. కిలోకు ముప్పై తూగితే ఒక ధర, వంద తూగితే ఇంకో ధర. పట్టుబడి రోజు ఐసు, లారీ, తూకం అన్నీ రాత్రి తెల్లవార్లూ. సరుకు ప్లాంటుకు చేరి, గడ్డకట్టి, మైనస్ 18 డిగ్రీల రీఫర్ కంటైనర్లో ఎక్కాలి. ఆ కంటైనర్ ప్లగ్గు ఎక్కడ పెడతారో ఓడ కూడా అక్కడే కావాలి. ముప్పై కిలోమీటర్లలో పోర్టు కనిపిస్తుంటే, రొయ్య నూట ఎనభై కిలోమీటర్లు పోయి ఓడెక్కడం చూస్తే కడుపు మండుతుంది.

2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు మా దగ్గర వెంటనే ధర పడింది. దేశం బయట ఒకాయన సంతకం చేస్తే ఇందుకూరుపేట చెరువు గట్టు మీద రైతు నిద్రపోలేదు. బేరం మన చేతిలో లేకపోతే ఇంతే.

శాసనాల మాస్టారు (ఒంగోలు)

రైతు గారూ, మీ మాట చదివాక ఆ శాసనంలోని సుంకం సంగతే మళ్లీ గుర్తొచ్చింది. ముప్పయ్యో వంతు అని రాయి మీద చెక్కించడంలో ఉద్దేశం ఏమిటంటే, వచ్చే ఏడు మారదన్న నమ్మకం. వర్తకుడైనా రైతైనా పెట్టుబడి పెట్టేది ఆ నమ్మకం మీదే.

ఉప్పుటేరు (ముత్తుకూరు మండలం)

ఇంతమంది ఇన్ని చెప్పారు, రేవు పక్కన బతికేవాళ్ల మాట కూడా వినండి.

మాది పట్టపోళ్ల కుటుంబం, చేపలు పట్టేవాళ్లం. ఏరు నోటి దగ్గర అయ్యకు వల వేసే చోటు ఉండేది. ఇప్పుడు ఆడ ఓడల దారి. వేరే చోట ఇల్లు ఇచ్చారు, పరిహారం ఇచ్చారు, కాదనను. కానీ సముద్రం కనపడని చోట జాలరికి ఇల్లు ఇస్తే వాడు ఏం చేయాల? తెల్లారి మూడు గంటలకు లేచి గాలి చూసుకుని పోయేవాడు ఇప్పుడు ఆటో ఎక్కి ఒడ్డుకు పోతున్నాడు. వడియాలు ఎండబెడితే నల్ల పొడి పడుతుంది. ఎండు చేపలు పరిచే దిబ్బలు పోయాయి, ఆడోళ్ల సంపాదన ఆ దిబ్బలతోనే పోయింది.

పోర్టు వద్దని అనడం లేదు. మా తమ్ముడు అందులోనే కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. నగరం గురించి మాట్లాడుకుంటున్నారు గనక అడుగుతున్నా: ఆ నగరంలో మేము ఎక్కడ ఉంటాం?

పెన్నగట్టు (నెల్లూరు)

అన్నా, ఈ ప్రశ్న నేను ముందే అడగాల్సింది. మద్రాసు కోట కట్టినప్పుడు కూడా అక్కడ జాలరి పల్లెలే ఉన్నాయి. ఆ జనం ఇవాళ కూడా కాశిమేడు వైపు వలలు పట్టుకుని ఉన్నారంటే, వాళ్లకు హార్బరు పక్కనే చేపల రేవు దక్కబట్టి. మనకు జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బరు కట్టారు. ముత్తుకూరు వైపు జాలర్లకు అది చాలా దూరం.

పులికాటు (సూళ్లూరుపేట)

సముద్రం స్వభావం గురించి ఒక మాట, ఎందుకంటే ఎవరూ పట్టించుకోరు. మన తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. అడ్డంగా గోడ కడితే దక్షిణం వైపు మేట, ఉత్తరం వైపు కోత. మద్రాసు హార్బరు కట్టాక మెరీనా ఇసుక వెడల్పయింది, రాయపురం వైపు సముద్రం ఊళ్లోకి వచ్చింది. మన దగ్గర ఒకటి తర్వాత ఒకటి రేవులు కడుతున్నప్పుడు, ప్రతి గోడకూ ఉత్తరాన ఉన్న పల్లె సంగతి ముందే చూడాలి.

రామాయపట్నం కుర్రోడు (గుడ్లూరు)

అందరూ కృష్ణపట్నం గురించే మాట్లాడుతున్నారు, మాకు ఇప్పుడే మొదలవుతోంది. కొత్తవాళ్ల కోసం చిన్నగా చెప్తా. 2014 విభజన చట్టంలో దుగరాజపట్నంలో కేంద్రం పెద్ద పోర్టు కట్టాలని రాశారు, తొలి దశ 2018కి అని. పక్కనే శ్రీహరికోట, పులికాట్ సరస్సు. అది కదల్లేదు. తర్వాత చూపు మా రామాయపట్నం మీదికి వచ్చింది. 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2022 జులైలో ఇంకో ముఖ్యమంత్రి పనులు ప్రారంభించారు. ఆ 2022లోనే జిల్లాల విభజనలో మా కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు మారింది. ఇప్పుడు పక్కనే బీపీసీఎల్ రిఫైనరీ అంటున్నారు, ఆరు వేల ఎకరాలు కావాలట.

మా వైపు ఎకరం అంటే పొగాకు, శనగ, సరుగుడు, జామాయిలు. వాన పడితే పంట, లేకపోతే బర్లీ పొగాకు బేరం కోసం ఎదురుచూపు. కాబట్టి ఫ్యాక్టరీ వస్తుందంటే ఊళ్లో సంతోషం ఉంది, దాచేదేం లేదు. భూమి ధర పెరిగింది. బయటినుంచి కార్లు వస్తున్నాయి. ఈ చర్చ చదివాక నాకు భయం పట్టుకుంది. మాకూ బొగ్గు బెల్టులే వస్తాయా? ఏం అడిగితే మా ఊరు నిలుస్తుంది?

ఆర్థికం_చదివినోడు (కావలి)

తమ్ముడూ, నా మటుకు నేను మూడు అడుగుతాను. పరిహారంతో పాటు, పోర్టు భూమిలో కొంత మన చిన్న వ్యాపారులకు గోదాముల కోసం తక్కువ అద్దెకు ఇవ్వాలి. కంటైనర్, మామూలు సరుకు ఓడలు ఆగే బెర్తులకు కనీస పని ఉండేలా ఒప్పందంలోనే రాయించాలి, ఎందుకంటే ఒప్పందంలో లేనిది తర్వాత ఎవరూ ఇవ్వరు. మూడోది, ఆఫీసులు. కస్టమ్స్, షిప్పింగ్ లైన్లు, బ్యాంకుల విదేశీ వ్యాపార శాఖలు కావలిలోనో కందుకూరులోనో నెల్లూరులోనో కూర్చోవాలి. సంతకం చెన్నైలో జరిగితే జీతం కూడా చెన్నైలోనే ఖర్చవుతుంది.

మొలగొలుకులు (కోవూరు)

నాలుగోది నేను జెప్తా. మన మిల్లుదార్లు, రొయ్య వ్యాపారులు, రాయి వ్యాపారులు ఇంతమంది ఉండారే, ఎవరికి వారే పోతే ఏ షిప్పింగ్ లైనూ వినదు. ఓడ రావాలంటే వారానికి ఇన్ని పెట్టెలు ఖాయం అని చెప్పాల. బియ్యం, రొయ్య, పలకలు, మిరప, పొగాకు, అందరి సరుకూ ఒక లెక్కలో చూపిస్తే ఓడ రాక యాడికి పోతుంది? ప్రభుత్వం మీద కోపం నాకూ ఉండాది. ఈ పని మాత్రం ప్రభుత్వం జేసేది కాదు, మనం జెయ్యాల్సింది.

రేవు గుమాస్తా (ముత్తుకూరు)

మొలగొలుకులు అన్నా, దండం. పనిలో రోజూ చూసేది ఇదే. లైను వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, రెండువైపులా సరుకు ఉందా అని. మనకు పోయే సరుకు ఉంది, వచ్చే సరుకు పెట్టెల్లో తక్కువ. ఖాళీ పెట్టె తేవడానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? అందుకే చుట్టుపక్కల ఫ్యాక్టరీలు కావాలి. 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేసిన కృష్ణపట్నం పారిశ్రామిక నగరం, కోట, చిల్లకూరు వైపుది, నిజంగా నిండితే ఆ లెక్క మారుతుంది. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం రైలు మార్గం 2019లో అయిపోయింది. రాపూరు దగ్గర కొండలో ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వారు. మంగంపేట ముగ్గురాయి, కడప సిమెంటు, రాయలసీమ సరుకంతా దగ్గర దారిలో వస్తుంది. దారి ఉంది, లోతు ఉంది. కూడగట్టేవాళ్లు కావాలి.

కొత్తపట్నం కోడలు (ఒంగోలు)

మా అబ్బాయి నెల్లూరులో బీకాం చివరి సంవత్సరం. ఈ చర్చ చూపించాను. ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలని అడుగుతున్నాడు. గుమాస్తా గారూ, తెలిస్తే చెప్పండి బాబూ.

రేవు గుమాస్తా (ముత్తుకూరు)

అక్కా, బీకాం చాలు మొదలుపెట్టడానికి. ముందు ఏదైనా కస్టమ్స్ బ్రోకర్ దగ్గర చేరి కాగితాల పని నేర్చుకోవాలి: ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, షిప్పింగ్ బిల్లు, హెచ్ఎస్ కోడ్లు, అంటే ఏ సరుకు ఏ రకమో చెప్పే అంకెలు. కోడు తప్పు పడితే సుంకం మారిపోతుంది కాబట్టి అది బాగా రావాలి. తర్వాత జి కార్డు పరీక్ష రాయాలి, బ్రోకరు తరఫున కస్టమ్స్ దగ్గర పని చేయడానికి గుర్తింపు అది. సొంత లైసెన్సు కావాలంటే కస్టమ్స్ అకాడమీ, నాసిన్ అంటారు, రాత పరీక్ష, మౌఖిక పరీక్ష పెడుతుంది. కష్టమే, కానీ పాసైతే సొంతంగా ఆఫీసు పెట్టుకోవచ్చు. కంప్యూటర్లో కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్ వాడకం ఇప్పటినుంచే చూసుకోమనండి. సెలవుల్లో పదిహేను రోజులు మా ఆఫీసుకు పంపండి, నేనే దగ్గరుండి చూపిస్తా. మంగళవారం, శుక్రవారం పని ఎక్కువ ఉంటుంది, ఆ రోజుల్లో వస్తే అన్నీ కనిపిస్తాయి.

ఉప్పుటేరు (ముత్తుకూరు మండలం)

గుమాస్తా అన్నా, మా తమ్ముడు కాంట్రాక్టు పనిలో ఉన్నాడని చెప్పాగా, వాడిదీ డిగ్రీ అయిపోయింది. వాడినీ తీసుకురమ్మంటావా?

రేవు గుమాస్తా (ముత్తుకూరు)

అడగాలా అన్నా? ఇద్దర్నీ ఒకేసారి రమ్మను. చదువు సర్టిఫికెట్లు, ఆధార్, రెండు ఫొటోలు తెచ్చుకోమను, గేటు పాసు నేను రాయిస్తా.